టెస్టరు వెలిగితే ఏం తెలిసినట్టు?

హాల్లో ఫ్యాను ఆగిపోయింది. ఇంట్లో కాస్త పని తెలిసిన వాళ్లెవరో స్విచ్‌బోర్డు విప్పి టెస్టరు పెట్టారు. ఎర్రగా వెలిగింది. "కరెంటు బాగానే వస్తోంది, ఫ్యానే పోయినట్టుంది" అని తీర్పు చెప్పేశారు. ఫ్యాను దింపి, ఆటోలో వేసుకుని రిపేరు షాపుకు పట్టుకెళ్లారు. షాపతను వైర్లు తగిలించగానే అది గిర్రున తిరిగింది. ఇంటికొచ్చి పైన చూస్తే న్యూట్రల్ తీగ ఊడి వేలాడుతోంది. టెస్టరు అబద్ధం చెప్పలేదు. ఫేజు ఉందా అని అడిగితే ఉందంది. మిగతాదంతా మనం ఊహించుకున్నదే.

కరెంటు పనుల్లో డబ్బు దండగయ్యేదీ, ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చేదీ ఎక్కువగా ఇలాంటి చోటే. ప్రతి పనిముట్టుకూ ఒక చూపుంది, ఒక గుడ్డితనం ఉంది. అది లోపల ఎలా పనిచేస్తుందో తెలిస్తే రెండూ తెలుస్తాయి. తెలియకపోతే, అది చెప్పని మాటను కూడా చెప్పిందనే నమ్మి చెయ్యి పెడతాం. ఈ అధ్యాయం చదివాక మీరు ఎలక్ట్రీషియన్ అయిపోరు. కానీ ఏ పనిముట్టు మాట ఎంతవరకు నమ్మాలో తేల్చుకోగలుగుతారు.

టెస్టరు: ఒక్క ప్రశ్నకే జవాబు

టెస్టరు పిడిలో చిన్న నియాన్ దీపం, దాని పక్కన చాలా ఎక్కువ నిరోధం ఉన్న రెసిస్టర్, ఒక స్ప్రింగు, చివర లోహపు మూత ఉంటాయి. కొనను ఫేజుకు ఆనించి మూత మీద వేలు పెడితే కరెంటు రెసిస్టర్, దీపం, మీ ఒళ్లు దాటుకుని నేలకు చేరుతుంది. రెసిస్టర్ దాన్ని మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగానికి కుదించేస్తుంది కాబట్టి మీకేమీ తెలియదు. చెప్పులు వేసుకున్నా దీపం వెలగడానికి కారణం ఉంది. మీ ఒళ్లూ నేలా కలిసి ఒక బలహీనమైన కెపాసిటర్ అవుతాయి. మన ఇళ్లకొచ్చేది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే ఏసీ కరెంటు కాబట్టి ఆ కాస్త దారి చాలు.

ఇప్పుడు దీని గుడ్డితనం చూడండి. నియాన్ దీపం అంటుకోవాలంటే సుమారు 60 నుంచి 90 వోల్టులు కావాలి. అంతకు తక్కువ ఉంటే వెలగదు. పట్టపగలు ఎండలో వెలిగినా కంటికి ఆనదు. దీపం మాడిపోయినా వెలగదు. అంటే వెలగకపోవడానికి కరెంటు లేకపోవడం ఒక కారణం మాత్రమే. అందుకే పని తెలిసినవాళ్లు ముందు కరెంటున్న సాకెట్‌లో టెస్టరు పెట్టి చూస్తారు, తర్వాత పనిచేసే చోట చూస్తారు, మళ్లీ ఆ సాకెట్‌లో పెట్టి చూస్తారు. మొదటా చివరా వెలిగితేనే మధ్యలో కనబడిన చీకటిని నమ్మాలి.

న్యూట్రల్ తెగిందో లేదో టెస్టరు నేరుగా చెప్పదు గానీ, చూడటం తెలిస్తే ఒక ఆనవాలు ఇస్తుంది. సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతోందంటే, దానికి న్యూట్రల్ తెగిపోయిందని అనుమానించండి. అదే లైన్లో ఎక్కడో ఒక బల్బో ఫ్యానో ఆన్ చేసి ఉంటుంది. ఫేజు దాని గుండా వచ్చి, తిరిగి వెళ్లే దారి లేక న్యూట్రల్ తీగలోనే నిలబడి ఉంటుంది. నల్ల తీగే కదా అని ముట్టుకున్నవాళ్లకు షాక్ కొట్టేది ఇక్కడే.

ఇంకో మాట. టెస్టరును స్క్రూడ్రైవర్‌గా వాడి వాడి పిడి పగిలిందంటే దాన్ని పారేయండి. మీకూ 230 వోల్టులకూ మధ్య ఉన్నది ఆ పిడి, అందులోని రెసిస్టర్, అంతే.

సిరీస్ బల్బు, మల్టీమీటరు: ఒకదాని మాటకు ఇంకోటి సాక్ష్యం

రిపేరు షాపుల్లో గోడకు ఒక చెక్క బోర్డు, దాని మీద పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బు, పక్కన సాకెట్ కనిపిస్తాయి. దాన్నే సిరీస్ బోర్డు అంటారు. సాకెట్‌లో పెట్టిన వస్తువుకు వెళ్లే కరెంటంతా ముందు బల్బు గుండానే వెళ్లాలి. వస్తువు లోపల షార్టయి ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఫ్యూజు మాత్రం కొట్టదు. లోపల ఎక్కడో తెగి ఉంటే బల్బు వెలగదు. సీలింగు ఫ్యాను బాగుంటే బల్బు మసకగా వెలుగుతుంది. మూడు జవాబులూ కంటికి కనిపిస్తాయి, పేలుళ్లు లేవు. ఎల్‌ఈడీ బల్బు మాత్రం ఈ పనికి రాదు. కొద్దిపాటి కరెంటుకే వెలిగి మోసం చేస్తుంది.

ఫ్యాను మాత్రం ఎప్పుడూ ఇంత సూటిగా ఉండదు. బల్బు మసకగా వెలుగుతోంది, ఫ్యాను మూలుగుతోంది, చేత్తో తిప్పితే గానీ కదలడం లేదు అంటే చూడాల్సింది కండెన్సర్. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. కొత్తది పైనున్న అంకె చూసే కొనండి. పాతదాన్ని ముట్టుకునే ముందు దాని రెండు తీగలనూ స్క్రూడ్రైవర్‌తో ఒకసారి కలపండి. సరఫరా ఆపేశాక కూడా అందులో చార్జ్ మిగిలి ఉండొచ్చు.

ఇప్పుడు సిరీస్ బోర్డులో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. పెట్టె శుభ్రంగా ఉన్నా బల్బు దాదాపు పూర్తి వెలుగుతో వెలుగుతుంది. ఎందుకంటే పెట్టె నిరోధం సుమారు 53 ఓంలు. వెలుగుతున్నప్పుడు బల్బుది దాదాపు దానికి పది రెట్లు. 230 వోల్టుల్లో 209 దాకా బల్బే తీసుకుంటుంది. షార్టయినా ఇంతే వెలుగు, బాగున్నా ఇంతే వెలుగు! సిరీస్ బల్బు గుడ్డితనం ఇది. బరువైన హీటర్ల దగ్గర దాని సాక్ష్యం చెల్లదు.

ఇక్కడే మల్టీమీటరు చెయ్యందుకుంటుంది. దాని లోపలి బ్యాటరీ కొద్దిపాటి కరెంటు పంపి, ఎంత అడ్డు ఎదురైందో ఓంలలో చెబుతుంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు సాకెట్ నుంచి తీసేయండి. థర్మోస్టాట్ మీట మధ్యలోకి తిప్పండి. మీటరును ఓంల మీద పెట్టి, ప్లగ్గు రెండు చిన్న పిన్నులకు ప్రోబులు ఆనించండి. 1000 వాట్లదైతే సుమారు 53, 750 వాట్లదైతే సుమారు 70 ఓంలు కనిపించాలి. సున్నా దగ్గర్లో ఉంటే షార్టు. తెర మీద ఎడమవైపు ఒక్క 1 గానీ, ఓఎల్ అని గానీ కనబడితే ఎక్కడో తెగింది. అప్పుడు వైరును పెట్టెలోకి దూరే చోట పట్టుకుని అటూ ఇటూ వంచి చూడండి. రోజూ వంగేది అక్కడే, తెగేదీ ఎక్కువగా అక్కడే. అంకె ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే దొంగ దొరికినట్టే. చివరగా ఒక ప్రోబు పొడవాటి ఎర్తు పిన్నుకు, ఇంకోటి చిన్న పిన్నులకు ఒక్కొక్కటిగా ఆనించండి. ఇక్కడ ఆ ఎడమవైపు 1 గానీ ఓఎల్ గానీ కాకుండా ఏ అంకె కనబడినా కరెంటు పెట్టె ఒంటికి తగులుతున్నట్టే, ఆ పెట్టెను వాడకండి.

మల్టీమీటరుతో గోడ సాకెట్‌ను కూడా పరీక్షించవచ్చు. ఏసీ వోల్టుల్లో పెద్ద రేంజి పెట్టి మూడు కొలతలు తీయండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి కాస్త అటూ ఇటూ, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య సున్నా లేదా కొద్ది వోల్టులు రావాలి. ఫేజు–ఎర్తు కొలత నిలకడ లేకుండా ఉన్నా, బాగా తక్కువగా వచ్చినా పై రంధ్రానికి ఎర్తు తీగ కలపలేదని అనుమానించాలి. కొన్ని ఇళ్లలో ఆ మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది. మూడు కొలతలూ సరిగ్గా వచ్చినా ఎర్తు గట్టిదనేమీ కాదు. తీగ ఉందనే మల్టీమీటరు చెప్పగలదు. గుంటలో ఎర్తు ఎంత బలంగా ఉందో చెప్పడానికి ఎర్త్ టెస్టర్ అనే వేరే పరికరం ఉంది.

మీటరు మోసపోయే సందర్భం ఒకటి, మనం మోసపోయే సందర్భం ఒకటి చెప్పి ముందుకెళ్దాం. ఎటూ కలపని తీగ ఫేజు తీగ పక్కనే ఒకే గొట్టంలో పోతుంటే, డిజిటల్ మీటరు దానిలోనూ పదుల వోల్టులు చూపిస్తుంది. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి గాలివాటుగా చేరిన చార్జ్‌ను కూడా కొలిచేస్తుంది. అక్కడ ఒక చిన్న బల్బు తగిలిస్తే ఆ వోల్టులు మాయమైపోతాయి. ఇక రెండోది: ఆంపియర్లు కొలవడానికి ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, తీయడం మరిచి, అదే ప్రోబును సాకెట్‌లో పెట్టడం. ఆంపియర్లు కొలిచేటప్పుడు మీటరు దాదాపు ఉత్త తీగతో సమానం. చవక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజు కూడా ఉండదు. పెద్ద మెరుపుతో షార్టవుతుంది. ప్రోబు పెట్టే ముందు చూడాల్సింది తెరను కాదు, రంధ్రాన్ని.

క్లాంప్ మీటరు, ఆర్‌సీసీబీ: ఒకే సూత్రం, రెండు చూపులు

తీగ కోయకుండా ఆంపియర్లు కొలిచేది క్లాంప్ మీటరు. పాత ఎలక్ట్రీషియన్లు దీన్నే టాంగ్ టెస్టర్ అంటారు. కరెంటు పోయే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, మీటరు దవడలు దాన్ని పట్టి ఆంపియర్లుగా చెబుతాయి. గీజర్ తీగ ఒక్కదాని చుట్టూ వేస్తే 2000 వాట్లదానికి సుమారు 8.7 ఆంపియర్లు కనిపిస్తాయి. ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి పట్టుకుంటే సున్నా! వెళ్లే కరెంటు క్షేత్రాన్ని వచ్చే కరెంటు క్షేత్రం కొట్టేస్తుంది.

క్లాంప్ మీటరుకు గుడ్డితనమైన ఈ సున్నాయే ఆర్‌సీసీబీకి కన్ను. మీ మెయిన్ బోర్డులో టీ అనే బటన్‌తో ఉండే ఆ స్విచ్ లోపల ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒకే ఇనుప వలయం గుండా పోతాయి. వెళ్లినదంతా తిరిగొస్తే క్షేత్రం సున్నా. ఎవరి ఒంటి గుండానో కొంత నేలకు జారిపోతే రెండూ సరిపోవు. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి స్విచ్ క్షణంలో పడిపోతుంది.

ఇంత చిన్న అంకె ఎందుకంటే మనిషి కండరాలకు ఓపిక అంతకన్నా తక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో పనిచేసిన చార్ల్స్ డాల్జియల్ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ల మీద పరీక్షలు చేసి, పట్టుకున్న తీగను వదలలేని పరిస్థితి సగటున మగవాళ్లలో 16, ఆడవాళ్లలో 10.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలవుతుందని తేల్చాడు. ఇలాంటి రక్షణ పరికరాన్ని 1961లో రూపొందించిందీ ఆయనే.

దీని పక్కనే ఉండే ఎంసీబీ చూసేది వేరు. దాని లోపల ఎక్కువ లోడుకు వేడెక్కి వంగే రెండు లోహాల పట్టీ ఒకటి, షార్టుకు వెంటనే లాగేసే కాయిల్ ఒకటి ఉంటాయి. అది కాపాడేది తీగను. ఒంటి నిరోధం 1500 ఓంలు అనుకుంటే 230 వోల్టులకు మన గుండా పోయే కరెంటు 150 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలు, 16 ఆంపియర్ల ఎంసీబీ కళ్లకు మాత్రం అది ఆనదు. ఇంట్లో ఎంసీబీలు ఉన్నాయి కదా అని ధైర్యపడితే అది వట్టి ధైర్యమే. అలాగని ఆర్‌సీసీబీ కూడా సర్వజ్ఞురాలు కాదు. పొడి స్టూలు మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దాని లెక్కలో మీరు ఒక బల్బు మాత్రమే. వెళ్లింది, వచ్చింది, సరిపోయింది.

డ్రిల్: గోడ వెనక ఏముందో దానికి తెలియదు

చేతిలో పట్టుకునే కరెంటు డ్రిల్‌ను 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ తయారుచేసింది. పిస్తోలు పిడి, వేలితో నొక్కే స్విచ్ ఉన్న రూపానికి అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ 1917లో పేటెంట్ పొందింది. ఇవాళ్టి డ్రిల్లూ ఆ వంశానిదే. లోపలి మోటారు మీ మిక్సీలోని మోటారు జాతిదే. కార్బన్ బ్రష్‌ల ద్వారా తిరిగే భాగానికి కరెంటు అందుతుంది. చాలా వేగంగా తిరిగే ఆ మోటారును గేర్లు నెమ్మది చేసి బలం పెంచుతాయి. బ్రష్‌ల దగ్గర చిన్న నీలి నిప్పురవ్వలు మామూలే. చుట్టూ రింగులా మంట కనిపిస్తే బ్రష్‌లు అరిగాయని, మార్చాలని అర్థం. మోటారును చల్లార్చే రెక్కలు దాని ఇరుసు మీదే ఉంటాయి. నెమ్మదిగా, బలంగా పనిచేయించిన తర్వాత ఒక నిమిషం ఉత్తినే పూర్తి వేగంతో తిప్పితే మిషన్ ఆయుష్షు పెరుగుతుంది.

గోడకు షెల్ఫ్ బిగించాలనుకోండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా పక్కనా రంధ్రం వద్దు. లోపలి పైపులు సాధారణంగా అటే నడుస్తాయి. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్గుకు 6 మిల్లీమీటర్ల కాంక్రీటు బిట్టు తీసుకోండి. దాని కొనకు అడ్డంగా గట్టి కార్బైడ్ ముక్క ఉంటుంది. ప్లగ్గు పొడవు ఎంతో చూసి, అంతకన్నా కొంచెం ఎక్కువ దూరంలో బిట్టుకు ఇన్సులేషన్ టేపు చుట్టండి, ఎంత లోతు పోయారో కనిపిస్తుంది. మొదట హ్యామర్ లేకుండా నెమ్మదిగా గుంట పడనిచ్చి, తర్వాత హ్యామర్ ఆన్ చేయండి. టైలు మీద, చెక్క మీద, ఇనుము మీద హ్యామర్ వద్దు.

ఇటుక గోడలో వెన్నలా దిగిన డ్రిల్ కాంక్రీటు బీమ్‌లో మొండికేస్తుంది. మామూలు డ్రిల్‌లో హ్యామర్ అంటే పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ కొట్టే చిన్న దెబ్బలు. మనం ఎంత గట్టిగా నెడితే దెబ్బకు అంత బలం. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి సుత్తిలా కొడుతుంది, మనం నెట్టనక్కర్లేదు. స్లాబుకు రంధ్రం కావాలంటే దాన్ని ఒక పూటకు అద్దెకు తెచ్చుకోండి.

గ్రైండర్ గురించి ఒకే లెక్క చెబుతాను. 4 అంగుళాల చక్రం నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. అందుకే కొత్త చక్రం కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన గరిష్ఠ వేగం మీ మిషన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. పైన గార్డు తీయకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. చున్నీ, వదులు చేతులు, వేలాడే దారాలు దరిదాపుల్లో ఉండకూడదు. చెక్క కోయడానికి పళ్ల చక్రం తగిలించే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మిషన్ వెనక్కి, మనిషి మీదికే వస్తుంది.

చెయ్యి పెట్టే ముందు వరుస

పని చిన్నదైనా ఈ వరుస తప్పొద్దు.

1. ఇంట్లో వాళ్లందరికీ చెప్పి, ఎంసీబీ ఆపి, దాని మీద కాగితం అంటించండి. స్విచ్ ఆపితే చాలదు. ఫేజు బదులు న్యూట్రల్‌కు స్విచ్ పెట్టిన ఇళ్లున్నాయి.

2. ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపండి. మెయిన్ ఆపేసినా ఇన్వర్టర్ లైన్లో 230 వోల్టులు నడుస్తూనే ఉంటాయి.

3. టెస్టరును కరెంటున్న చోట పరీక్షించి, పనిచేసే చోట అన్ని తీగలకూ పెట్టి, మళ్లీ కరెంటున్న చోట పరీక్షించండి.

4. తడి చేతులు, ఒట్టి కాళ్లు వద్దు. ఉంగరం, లోహపు గడియారం తీసేయండి.

5. పని అయ్యాక ప్రతి తీగనూ ఒకసారి లాగి చూడండి. లూజు కనెక్షన్ దగ్గర పుట్టే వేడిని ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ కనిపెట్టలేవు. కాలిన వాసన వచ్చాకే తెలుస్తుంది.

ఇంట్లో ఉండాల్సిన సామాను ఎక్కువేమీ లేదు. మంచి టెస్టరు, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, వైరు ఒలిచే స్ట్రిప్పర్, ఇన్సులేషన్ టేపు, 600 వోల్టులకు తగిన మల్టీమీటరు చాలు. హైదరాబాద్‌లో వైర్లు, స్విచ్‌లకు ట్రూప్ బజార్, మీటర్లు, ఎలక్ట్రానిక్ సామానుకు కోఠీ గుజరాతీ గల్లీ, మిషన్లకు సికింద్రాబాద్ రాణీగంజ్. వైరూ ప్లగ్గూ ఎక్కడ కొన్నా ఐఎస్ఐ గుర్తు చూసుకోండి.

ప్లగ్గు మార్చడం, ఇస్త్రీ పెట్టె వైరు వేయడం, ఫ్యాను కండెన్సర్ మార్చడం మీరు చేసుకోవచ్చు. మీటరు, మెయిన్ బోర్డు, గోడలోని వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. పొలంలో త్రీఫేజు స్టార్టరు తడి చేత్తో ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే నీళ్లు ఎండిపోతున్నా సరే, లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి. దాని పై తీగల్లో ఉన్నది 11,000 వోల్టులు. అక్కడ ఈ అధ్యాయంలో చెప్పిన ఏ పనిముట్టూ మీకు తోడు రాదు.

ఈ వారం మీరు చేయాల్సినవి మూడు. మెయిన్ బోర్డులో ఏ ఎంసీబీ ఏ గదిదో రాసి అంటించండి. వంటగది, స్నానాలగది సాకెట్లలో ఎర్తు ఉందో లేదో కొలవండి, లేదా కొలిపించండి. ఆర్‌సీసీబీ మీద టీ బటన్ నొక్కండి. నొక్కగానే అది పడిపోవాలి. పడకపోతే మీ ఇంట్లో ఆర్‌సీసీబీ లేనట్టే లెక్క, వెంటనే మార్పించండి. అసలు లేకపోతే, కొత్త డ్రిల్ కొనే ముందు అది పెట్టించండి.